డాబా మీద వెనకడుగు

పైవాటా ఆయనకి మతి చలించిందట.

ఆ మాట ముందు ఇస్త్రీబండి మనిషి అన్నాడట. అతను టైలరమ్మకి చెప్పాడు. టైలరమ్మ పిట్టగోడ మీంచి అత్తగారికి అందించింది. అత్తగారు దాన్ని చల్లారనివ్వకుండా తెచ్చి, కంచం ముందు కూర్చున్న అల్లుడికి కూరతోపాటు వడ్డించింది.

"మిట్టమధ్యాహ్నం డాబా మీద వెనక్కి వెనక్కి నడుస్తున్నావటగా అల్లుడూ? చేతిలో కత్తిలాంటిదేదో పట్టుకుని గాల్లో గీతలు పెడుతున్నావట. 'గాలిగానీ సోకిందా పిన్నిగారూ' అని అడిగింది టైలరమ్మ. ఏం చెప్పమంటావు నన్ను?"

"నడుం నొప్పత్తయ్యా. డాక్టరు వెనక్కి నడవమన్నాడు."

"కత్తి కూడా డాక్టరే రాసిచ్చాడా?"

"కత్తి కాదు, స్ప్రే పంపు హ్యాండిల్. కంపెనీ శాంపిలు."

భార్య ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు. గోడలకి చెవులుంటాయని ట్రైనింగులో చెప్పారు గానీ, ఇస్త్రీబండికి కళ్ళుంటాయని ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో అతను స్ప్రే పంపుల సేల్స్‌మన్. బోర్డు లేని ఒక ఆఫీసులో మాత్రం అతని పేరు ఉడుత.

ఆ ఆఫీసులో బ్రీఫింగ్ అంతకు ముందు వారమే అయింది. పెద్దాయన బల్ల మీది గ్లోబును వేలితో తిప్పుతూ మొదలుపెట్టాడు.

"ఇవి గసగసాల కొండలు. నల్లమందు ఇక్కడిది. సముద్రం దాటితే ఇవిగో, ఆకు కొండలు. ఆ ఆకులోంచి తెల్లపొడి. ఈ లోయలన్నీ గంజాయి. మా గురువుల కాలం నుంచి మన పని ఒకటే. పొలం కనిపెట్టడం, తగలబెట్టడం. పైన శాటిలైట్, కింద అగ్గిపెట్టె."

"ఇప్పుడేమైంది సార్?"

"ఇప్పుడు పొలమే అక్కర్లేదంటున్నాడొకడు. ఒకప్పుడు కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాడట. ముఠా అంతా మాస్టారంటారు. వాడికి వాన అక్కర్లేదు, కూలీ అక్కర్లేదు. గదీ కుళాయీ ఉంటే చాలు. తలనొప్పి మాత్రలాంటి మాత్ర తయారుచేస్తాడు. అదే రంగు, అదే రేకు. మింగితే తలనొప్పి మళ్ళీ రాదు. తలే ఉండదు కనక."

"ఎక్కడ చేస్తున్నాడు?"

"గసగసాల తోట నడుమ. మన శాటిలైట్ పూలు చూసుకుంటూ కూర్చుంది. ఆ తోట ఉట్టి దిష్టిబొమ్మోయ్. అసలు కాపు వెనకున్న షెడ్డులో. కాయలకి గాట్లు పెట్టే రోజున మొదటి లారీ కదులుతుంది. ఏ దారిన దిగుతుందో తెలియదు. ఇదిగో, గాట్ల కత్తి. పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. అడుగున అయస్కాంతం. ఇది లారీకి అంటుకోవాలి, అంతే."

"లోపల మనవాళ్ళు?"

"ఒకావిడ. మేడమ్ అంటారు. ఈమధ్య ఆవిడ రిపోర్టులు పల్చబడ్డాయి. మనదో, వాళ్ళదైపోయిందో చెప్పలేను. ఆవిడ 'గాలి మారిందా' అంటే 'మారలేదు, అలిసింది' అను. ఆ మాట ఆవిడ నోటివెంట వచ్చేదాకా నువ్వు కూలీవి."

ఉడుత కత్తి అందుకున్నాడు. "నాకు ముందు వెళ్ళినతను..."

"ముందుకి నడిచాడు," అన్నాడు పెద్దాయన. "గాటు పెడితే కాయ పాలు కారుస్తుంది. ముందుకి నడిస్తే ఆ పాలు బట్టలకి అంటి సరుకు పాడైపోతుంది. అందుకని వాళ్ళు గాటు పెడుతూ వెనక్కి నడుస్తారు. ఆ ముక్క మనవాడికి చెప్పడం మర్చిపోయాం. చెప్పులు మాత్రం తిరిగొచ్చాయి. శుభ్రంగా కడిగి పంపారు."

కడిగి పంపారన్న మాట ఉడుతకి ఆ రోజు నుంచీ నిద్రలో కూడా వినిపిస్తూనే ఉంది. డాబా మీద వెనకడుగులు అందుకే.

గసగసాల తోట అందమని ఫొటోలు చూసినవాళ్ళంటారు. గాట్ల రోజున ఉడుత కూలీల్లో కలిసి దిగేసరికి పూలు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలినవి ఆకుపచ్చ బుర్రలు. కళ్ళూ నోరూ లేని బుర్రలు, రొమ్ము ఎత్తున, చూపు ఆనినంత మేర. గాలి వీచినప్పుడల్లా అన్నీ కలిసి ఉడుత వైపే తలలూపుతున్నట్టుంది.

మాసిన చొక్కా, తలకి గుడ్డ, గోళ్ళలో మట్టి. వేషానికి వంక లేదు. వంకంతా గుండెలోనే. ఉడుత భయం ఎరగనివాడేం కాదు. కానీ ఎదురొచ్చేదాన్ని చూసి భయపడటం వేరు. ఇక్కడ వెనక్కి నడవాలి. వెనక ఏముందో మెడ తిప్పి చూశాడా, అయిపోయినట్టే. పుట్టినప్పటి నుంచి ఈ పని చేసినవాడు తిరిగి చూడడు, మడమతో సాలును తడుముకుంటూ పోతాడు. డాబా మీద సాళ్ళెక్కడివి? నున్నటి సిమెంటు మీద నేర్చిన విద్య మట్టిగడ్డ తగిలినప్పుడల్లా తూలిపోతోంది.

"నెమ్మదిరా నాయనా," అంది పక్క సాలు ముసలామె. "కాయలేం పారిపోవులే."

తోట మొదట్లో జీపు బానెట్ మీద కూర్చున్నాడు తోట యజమాని. ఎవరికీ పిల్లనిచ్చిన పాపాన పోకపోయినా అందరూ అతన్ని మామ అంటారు. ఒళ్ళో తుపాకీ. షెడ్డు ముందు లారీ. లారీ పక్క కుళాయి దగ్గర కళ్ళజోడు మనిషి, మాస్టారు. నీళ్ళు దోసిట్లో పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వదిలేస్తున్నాడు. మళ్ళీ పడుతున్నాడు. నీళ్ళని కూడా నమ్మని మనిషి.

ఉడుత వీపు మీద చల్లగా నీడ పడింది. సెంటు వాసన. గొడుగు పట్టుకుని, నల్ల కళ్ళద్దాలతో, మట్టి అంటని బూట్లతో సాలులో నిలబడి ఉంది మేడమ్. తోటలో ఇంత అందం దేనికో అని వేరే రోజైతే అనుకునేవాడే.

"డాబా మీద ఇంతకన్నా బాగా నడిచావటగా," అంది ఆమె, పెదవి కదిలీ కదలకుండా.

కత్తి జారి వేలు తెగింది. కాయ పాలల్లో ఎర్రచుక్క కలిసింది.

"ఏ... ఏ డాబా అమ్మగారూ?"

"మీ వీధి టైలరమ్మ కుట్టు పర్వాలేదు. కబుర్లు మాత్రం నంబర్ వన్."

అంతే. గాలి మారిందా అనలేదు. గొడుగు తిప్పుకుంటూ గట్టు మీదుగా జీపు దగ్గరికి వెళ్ళి మామ చెవిలో ఏదో చెప్పింది. మామ ఒళ్ళోని తుపాకీ చేతిలోకి వచ్చింది.

ఉడుతకి పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు కడిగేది ఎవరో, ఆ కుళాయి దగ్గరేనా అన్న పిచ్చి ఆలోచన వచ్చింది.

మామ బానెట్ మీద లేచి నిలబడ్డాడు. "ఒరేయ్! పని ఆపండి! ఉన్నవాళ్ళు ఉన్నట్టు నా దగ్గరికి పరిగెత్తండి! ఆఖరున వచ్చినవాడి కాళ్ళు విరగ్గొడతా!"

జీపుకీ కూలీలకీ మధ్య ఉన్నవి అప్పుడే గాట్లు పెట్టిన కాయలు. పాలు బొట్లుబొట్లుగా దిగుతున్నాయి. పరిగెత్తమని ఉడుత ప్రాణం చెప్పింది. కాళ్ళు వినలేదు. నాటిన గుంజలా నిలబడిపోయాడు.

ఒక్కడు మాత్రం పరిగెత్తాడు. పొద్దుట్నుంచీ అందరికన్నా గట్టిగా పాటలు పాడుతున్న ఎర్ర తలగుడ్డవాడు. కాయల మధ్యనుంచి సూటిగా దూసుకుంటూ వెళ్ళి, చొక్కా నిండా పాలు పూసుకుని మామ ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

మిగిలిన కూలీలంతా గాటు పడని వైపు తిరిగి, గట్టు చుట్టూ పరిగెడుతున్నారు. కాళ్ళు విరిగినా సరే, కారే కాయల్లో కాలు పెట్టే అలవాటు లేదు వాళ్ళకి. ముసలామె ఉడుత రెక్క పట్టి గుంజింది. "నిలబడిపోయావేంరా మొద్దూ, చుట్టూ తిరిగి రా!"

మామ ఎర్ర తలగుడ్డవాడి గుండెకి తుపాకీ ఆనించాడు. "నా తోటలో ముందుకి నడిచావు. ఎవడ్రా నువ్వు?"

వాడు కుళాయి వైపు చూసి ఏడుపు లంకించుకున్నాడు. "మాస్టారూ! మీరే కదా పెట్టారు! చెప్పండి మాస్టారూ!"

"ఓహో," అన్నాడు మామ. "నా తోటలో నీ వేగా?"

"నీ కూలీలు నా మాత్రలు కాజేస్తున్నారేమోనని..."

"కాదు! రేపు నా పొలంతో పన్లేదని నీ ముఠా దొరలకి లెక్క చెప్పడానికి! నీడ ఇచ్చిన చెట్టునే నరుకుతావురా?"

మొదటి తుపాకీ ఎవరిదో తెలియదు. రెండోది పేలేసరికి తోటంతా నేలకరుచుకుంది. లారీ డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఉడుత పక్క సాలులో గొడుగు పడింది. గొడుగు వెనకే మేడమ్.

"గాలి మారిందా?"

ఉడుత నోరు తెరిచాడు. "మారలేదు..." తరువాతి మాట రాలేదు. ఎంత తడుముకున్నా కడిగిన చెప్పులే కళ్ళముందు.

"త్వరగా!" అంది ఆమె. ఇప్పుడామె చేతిలోనూ చిన్న పిస్తోలు ఉంది. అది అతని డొక్కకే గురిపెట్టి ఉంది.

"అ... అలిసింది!"

పిస్తోలు దిగింది. "కత్తి ఇటియ్యి. కూలీల్లో దొంగ ఉన్నాడని మామకి చెప్పింది నేనే, ఆ ఎర్ర తలగుడ్డ కోసం."

"నేను కూడా పరిగెత్తి ఉంటే?"

"నీకూ వాడికీ ఒకే గుంట. తల దించు!"

పాలు అంటుతాయన్న చింత లేకుండా ఆమె కాయల మధ్యనుంచి సూటిగా పరిగెత్తింది. ప్రాణభయంతో లారీ ఎక్కబోతున్న ఆడమనిషిలా వెనక తలుపు పట్టుకుని వేలాడింది, జారి పడింది. లేచేసరికి చేతిలో కత్తి లేదు.

లారీ ఏటి రేవు దారి పట్టింది. బల్లకట్టు మీదికి ముందు చక్రాలు ఎక్కాయి. తాడు విప్పమని డ్రైవరు అరుస్తున్నాడు. ఆవల ఒడ్డు చేరితే మాత్రలు చీకటి పడేలోగా ఊరూరి మందులషాపుల్లో ఉంటాయి. తాడు విప్పాల్సిన పడవమనిషి విప్పలేదు. చొక్కా లోపలి ఐడీ కార్డు తీసి చూపించాడు. లారీకి అంటిన కత్తి ఆ దారి ముందే చెప్పేసింది.

"లారీ దొరికింది, షెడ్డు దొరికింది, మామ దొరికాడు," అన్నాడు పెద్దాయన తరువాత. "మేడమ్ మనదే. వెల్‌డన్."

"మాస్టారు సార్?"

పెద్దాయన గ్లోబు తిప్పాడు. అది తిరిగి తిరిగి ఆగింది. వేలు ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు.

ఇంటికి వచ్చి ఉడుత మళ్ళీ కంచం ముందు కూర్చున్నాడు. వేలికి కట్టు.

"టైలరమ్మ అడిగింది, నడుం ఎలా ఉందని," అంది అత్తగారు.

"తగ్గిందత్తయ్యా. ఇక వెనక్కి నడవక్కర్లేదు."

"సంతోషం. అన్నట్టు మన కింది గది అద్దెకి పోయిందట. ఎవరో ఒంటరి మనిషి. మంచం వద్దన్నాడట, కిటికీ మూసెయ్యమన్నాడట. కుళాయి ఒక్కటి విప్పి, నీళ్ళు దోసిట్లో పట్టి వాసన చూసి, అప్పుడు సరే అన్నాడట. టైలరమ్మ కళ్ళారా చూసింది."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. కింద ఎవరో కుళాయి విప్పారు. నీళ్ళు పడి, ఆగి, మళ్ళీ పడ్డాయి.

"నీళ్ళు వాసన చూడటమేంటమ్మా?" అంది భార్య నవ్వుతూ. "ఇంతకీ ఏం చేస్తుంటాడట ఆయన?"

"ఏం చేస్తే మనకెందుకే?" అంది అత్తగారు. "నీ మొగుడేం చేస్తాడో మనకి తెలుసా?"