ఫెయిర్ కాపీ

ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్ పెట్టేసి ఛాయ తల పట్టుకుంది. వంటింట్లో అత్తగారు పైడమ్మ పోపు వేస్తోంది. వరండాలో మామగారు బలరాం పేపరు చదువుకుంటున్నాడు. భర్త రాజేంద్ర పొద్దున్నే స్టీలు ప్లాంటుకు వెళ్ళిపోయాడు. స్మృతి నగర్‌లోని ఆ ఇంట్లో అంతా రోజూలాగే ఉంది, ఆ ఒక్క ఫోన్ తప్ప.

ఛాయ పవర్ హౌస్ బజారు దగ్గర ఒక స్టడీ సెంటర్‌లో టీచరు. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన పెద్దవాళ్ళు ఇంటి దగ్గరే ఉండి పదో తరగతి చదువుకోవడానికి పెట్టిన సెంటర్ అది. ఆమె వారానికోసారి ఫోన్లో పాఠం చెబుతుంది. వాళ్ళు వర్క్‌షీటు రాసి ఫోటో తీసి పంపుతారు. ఒక్కో షీటు నాలుగు గంటల చదువు కింద లెక్క. నలభై గంటలు నిండితేనే ఏప్రిల్ పరీక్షకు పేరు వెళుతుంది. ఆ రిపోర్టు ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. ఆమె దగ్గర చదివే ఇరవై ముగ్గురిలో పైడమ్మ ఒకతె. సొంత మనిషి కాబట్టి ఆమె షీట్లను కోఆర్డినేటర్ మనోజ్‌కుమార్ కూడా చూస్తాడు. ఇందాక ఫోన్ చేసింది ఆయనే.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి. మూడో షీటు దాకా మీ రాత. నాలుగో దాన్నించి ఎవరి రాత?"

పైడమ్మ గరిటతోనే వచ్చి వరండా వైపు చూసింది. బలరాం పేపరు మడిచి లేచాడు.

"నాదే. ఆవిడ రఫ్ చేసీసేది, నేను ఫెయిర్ చేసి ఫోటో పంపేవాణ్ణి. ఏం, బాగోలేదేటి?"

"బాగుండడమే ప్రాబ్లం మావయ్యా! 'మేడమ్, మీ అత్తగారు ప్లాంటు లాగ్‌బుక్ రాసినట్టు రాస్తున్నారే' అని సర్ అడిగారు. నేనేం చెప్పను?"

బలరాం మొహంలో ఒక్క క్షణం సంతోషం కనబడింది. "చూసేవా! రోలింగ్ మిల్లులో ముప్పై రెండేళ్ళు లాగ్‌బుక్ రాసేను. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. రఫ్ కాయితం మిల్లు దాటి పోకూడదు, అదీ మా పద్ధతి."

"హే భగవాన్! మావయ్యా, నాకు కావాల్సిందే ఆ రఫ్. ఎక్కడ తప్పారు, ఎలా దిద్దుకున్నారు, అది చూసే కదా రిపోర్టు రాయాలి! ఏవి ఆ కాయితాలు?"

"చింపీసేను. చెత్త ఎత్తే కచరా బండిలో పోయేయి."

ఛాయ లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. "ఎనిమిది షీట్లు. ముప్పై రెండు గంటలు పోయినట్టే. నాదీ తప్పే. ఇంట్లోవే కదా అని జవాబులు చూసి టిక్కులు కొట్టుకుంటూ పోయాను."

"లెక్కలు ఆవిడే చేసిందే తల్లీ. అక్కడక్కడ ఒకటీ అరా సరిచేసేను, అంతే."

"ఏటీ?" అంది పైడమ్మ. "దిద్దీసేరా?"

బలరాం చేతిలో పేపరును ఇంకో మడత పెట్టాడు.

"నా రాత చూసి సెంటర్లో నవ్వుతారని మీరంటే ఊరుకున్నాను. తొమ్మిదొచ్చింది, పదొచ్చిందని వారం వారం పక్కింటి దుర్గాదేవికి కూడా చెప్పుకున్నాను. ఆ మార్కులు మీయా?"

"నీకు మంచి మార్కులు రావాలనే కదే..."

"నాకు రావాలనా? మీకొచ్చేయి!"

బలరాం కోడలి వైపు తిరిగాడు. "ఇంటి మనిషివి. నలభై నాలుగు గంటలని రాసీవమ్మా. ఎవడు చూస్తాడు?"

"ఇవాళ ఇది రాస్తే మిగతా ఇరవై రెండు మందివీ దొంగ రిపోర్టులే అంటారు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటలు మిషన్ దగ్గర నిలబడి వచ్చి చదివేవాళ్ళున్నారు మావయ్యా. వాళ్ళ మొహం ఎలా చూడను?"

"అయితే మీ అత్తని అక్టోబరు పరీక్ష దాకా ఆగమంటావా? ఏబై నాలుగేళ్ళు ఆవిడకి!"

"ఆగుతాను," అంది పైడమ్మ. "నా రేషన్ ఫారం మీరే రాసేరు. బ్యాంకు ఫారం మీరే రాసేరు. సంతకం కాడ ఇంటూ పెట్టి ఇక్కడ చెయ్యమంటే చేసేను. పని అయింది, బాగానే ఉంది. ఇదొక్కటి నేను రాద్దామనుకున్నాను. ఛాయా, పన్నెండు గంటలని రాసీ."

"ఏప్రిల్ పోతుంది అత్తయ్యా."

"పోనీ. నావి కానివి నాకొద్దు."

ఛాయ పన్నెండు అని టైపు చేసింది. కారణం అని ఉన్న చోట 'షీట్లు వేరొకరు తిరగరాశారు' అని రాసి పంపింది. కళ్ళు తుడుచుకోవడానికి చున్నీ అంచు వెతుక్కుంది.

పైడమ్మ స్టవ్ ఆర్పి, పన్నెండో షీటు ముందు పెట్టుకుని కింద కూర్చుంది. ఒక పరీక్షకు ఎనిమిది వందల మంది పేర్లు ఇచ్చారు, పదిహేను శాతం మంది రాలేదు, వచ్చినవాళ్ళు ఎందరు? ఆమె ఏడు వందల ఎనభై అయిదు అని వేసింది.

బలరాం భుజం మీదుగా చూశాడు. "పైడీ, అదీ..."

"ఏటి?"

బలరాం చెయ్యి దానంతటదే జేబులో పెన్ను దాకా వెళ్ళింది. అతను దాన్ని వెనక్కు తీసుకున్నాడు. "ఏటీ లేదు. టీ పెట్టనా?"

ఆమె పెదవులతో ఏదో లెక్కపెట్టుకుంది. నూటికి పదిహేనైతే ఎనిమిది వందలకి... అడ్డంగా గీత కొట్టింది. నూట ఇరవై అని వేసి, అదీ కొట్టేసి, మళ్ళీ అదే వేసింది. చివరకు ఆరు వందల ఎనభై దగ్గర ఆగి, షీటు కోడలికి చాచింది.

"అన్నీ కొట్టివేతలే. పరవాలేదా?"

"బాగుంది అత్తయ్యా," అంటూ ఛాయ ఫోటో తీసి ఫోన్ బల్ల మీద పెట్టింది.

టీ గ్లాసులతో వచ్చిన బలరాం ఆ తెర దగ్గర ఆగిపోయాడు. వంకర అంకెలు, వాటి మీద గీతలు, పక్కన మళ్ళీ అంకెలు. ఒక మనిషి ఒంటరిగా దారి వెతుక్కున్న జాడ కళ్ళెదుట ఉంది. ఇలాంటివి ఎనిమిది తన చేతులతో చింపాడు.

గ్లాసులు కింద పెట్టి భార్య పక్కనే నేల మీద కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూనే ఉన్నాడు. పైడమ్మ కాసేపు చూసి, టీ గ్లాసు ఆయన వైపు జరిపింది.

"తాగండి. చల్లారిపోతాది."