ఎర్ర బండి మాస్టులో ఎనిమిది బేరింగులు

కూర్చోమని గుమాస్తా రెండుసార్లు చెప్పినా పెద్దమేస్త్రి కూర్చోలేదు. ఇనుపతీగకి దండలా గుచ్చిన ఎనిమిది పాత బేరింగుల్ని భుజాన మోసుకుంటూ రెండంతస్తులు ఎక్కి వచ్చాడాయన. ఎంత లేదన్నా పన్నెండు కిలోలుంటాయి. వాటిని బల్ల మీద దించగానే బల్ల కిర్రుమంది. గుమాస్తా గుండె కూడా అంత పనీ చేసింది, ఎందుకంటే ఆ బల్ల ఆఫీసుకి కొత్తగా వచ్చింది.

"అమ్మా, తప్పు నాదేనని మీరు తేల్చినా సరే, ఒప్పుకుంటాను. ఎటూ తేలకుండా మాత్రం ఉండలేను" అన్నాడు పెద్దమేస్త్రి.

కిటికీ దగ్గర కూర్చున్నావిడ తల తిప్పింది. ఇరవై ఏళ్ళు కొలతల ప్రయోగశాలలో పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి సొంతంగా అపరాధ పరిశోధన చేపట్టిన మనిషి. ఆవిడ చేతిసంచీలో దువ్వెన లేకపోవచ్చు గానీ మందాలు కొలిచే కాలిపరు లేకపోవడం గుమాస్తా ఎన్నడూ చూడలేదు. అందుకే ఊళ్ళో అందరూ కొలతలమ్మ అంటారు. ఆవిడ కొలిచే తీరు చూడ్డం కోసమే గుమాస్తా తన పాత కొలువుకి దణ్ణం పెట్టి వచ్చేశాడు. ఆ మాట పైకి చెప్పమంటే మాత్రం సిగ్గుపడి చస్తాడు.

"మొదట్నించీ చెప్పండి" అంది కొలతలమ్మ.

పెద్దమేస్త్రి చెప్పాడు. టైల్సు గోడౌన్‌లో ఆయన మెకానిక్కు. అక్కడ బరువులెత్తే ఫోర్కులిఫ్టులు రెండు, ఎర్ర బండి, పసుపు బండి. ఫోర్కుల్ని పైకీ కిందికీ మోసే నిలువు చట్రాన్ని మాస్టు అంటారు. అందులో ఇనుపకమ్మీలు ఒకదాంట్లో ఒకటి జారుతాయి, వాటి మధ్య ఈ బేరింగులు దొర్లుతాయి. ఎర్ర బండి మాస్టు గరగరమంటోందని ఎనిమిదీ మార్చాడు. మూడో రోజున బరువు పైన ఉండగా మాస్టు అడ్డంగా బిగుసుకుపోయి, ఉన్నట్టుండి జారింది. టైల్సు పెట్టెలు డ్రైవరు మీదికొచ్చాయి. అతను దూకాడు కాబట్టి ప్రాణం దక్కింది, కాలు మాత్రం రెండు చోట్ల విరిగింది.

"ఆ డ్రైవరు మా చెల్లెలి మొగుడమ్మా" అన్నాడు. "పదకొండు రోజులైంది. చెల్లెలు నా మొహం చూట్టం లేదు. గుమ్మంలోకి వెళ్తే లోపలికి పోయి తలుపేసుకుంటోంది. ఈ మధ్యే నాకు కంటి ఆపరేషనైంది. సరిగా కనపడక తప్పుడు నంబరు తెప్పించానని మేనేజరుగారు రాసి పెట్టారు. రేపు పదకొండింటికి యజమాని ముందు విచారణ. ఉద్యోగం పోతే పోనీండి. నా చేత్తో నా చెల్లెలి ఇంటికి చేటు చేశానా లేదా, అది తెలియాలి."

కొలతలమ్మ లేచి వచ్చి, సంచీలోంచి కాలిపరు తీసి, ఒక బేరింగుకి పట్టి ఆయన చేతికిచ్చింది.

"ఎంతుంది?"

ఆయన కళ్ళద్దాలైనా సవరించుకోలేదు. "నూటఆరు మిల్లీమీటర్ల తొంభై పాయింట్లు. ఇటు తిప్పితే ఎనభై అయిదు."

ఆవిడ చూసి తల ఊపింది. "కంటికేం రోగం లేదు. సరే, కొత్తవి ఏవి కావాలో ఎలా తేల్చారు?"

"బేరింగు మొహం మీద నంబరుంటుంది. వీటి మీద అది అరిగి చెరిగిపోయింది. అడ్డంగా కొలిస్తే నూటఏడుకి పిసరంత తక్కువ. పాతవి కదా, ఆ మాత్రం అరుగుతాయి. అయినా అరిగినదాని కొలతని నేను ఊరికే నమ్మను. అందుకని సీటు పక్కనున్న బండి ప్లేటు నంబరు పట్టుకుని కేటలాగు తీశాం. నూటఏడే అని ఉంది. రెండూ కలిశాయి, తెప్పించాం."

"మాస్టుకి వేరే ప్లేటు ఉండాలే?"

"ఉండేది. ఊడి ఎక్కడో పడిపోయిందన్నారు మేనేజరుగారు. పాత బండ్లకి అది మామూలే."

"బిగించేటప్పుడు ఇబ్బందేమీ రాలేదా?"

"లేదమ్మా. ఒక్కో బేరింగు వెనక ఒక పల్చటి వాషరు ఎక్కువ వేయాల్సొచ్చింది, అంతే. మాస్టు పనిలో అటో ఇటో వాషరు వేస్తూనే ఉంటాం."

కొలతలమ్మ ఆ మాటని కాగితం మీద రాసుకుని కింద గీత గీసింది. పెద్దమేస్త్రి అంతసేపు చెప్పినదాంట్లో గీత పడింది ఆ ఒక్క ముక్కకే. ఎందుకో గుమాస్తాకి ముక్క అర్థమైతే ఒట్టు.

మొదట డ్రైవరు ఇంటికి వెళ్ళారు. పెద్దమేస్త్రి వీధి మలుపులోనే ఆగిపోయాడు. తలుపు తీసిన చెల్లెలు ఆ మలుపు వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పేసుకుని, వీళ్ళిద్దర్నీ లోపలికి రమ్మంది. డ్రైవరు కాలికి పిండికట్టుతో మంచం మీదున్నాడు. నవ్వుమొహం మనిషే గానీ, నవ్వు పెదాల దగ్గరే ఆగిపోతోంది.

"బండి ఎప్పట్నించి గరగరమంటోంది?" అడిగింది కొలతలమ్మ.

"మా బావ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టాడు చూశారా, ఆ సెలవు అయ్యాక. అంతకుముందు నా ఎర్ర బండి బంగారం."

"ఇంకేమైనా తేడా కనపడిందా?"

"మంచి తేడాయే కనపడిందండీ. పై అరలో పెట్టె పెట్టాలంటే జానెడు తక్కువయ్యేది, పసుపు బండిని పిలవాల్సొచ్చేది. ఈమధ్య నా బండే అవలీలగా అందుకుంటోంది. మా బావ ఏదో మంత్రం వేశాడనుకున్నా."

"మంత్రమే వేశాడు!" అంది చెల్లెలు గోడవైపు తిరిగి. "ఎన్నిసార్లు చెప్పాను, కన్ను కుదుటపడేదాకా పనిలోకి దిగొద్దని. విన్నాడా?"

అది కోపమో ఏడుపో గుమాస్తాకి పోల్చుకోవడం చేతకాలేదు. అతనికీ ఒక చెల్లెలుంది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

గోడౌన్‌లో మేనేజరు ఎదురొచ్చి మరీ ఆహ్వానించాడు. ఇస్త్రీ నలగని చొక్కా, వెన్న రాసినట్టు మాటలు.

"పెద్దమేస్త్రి చాలా మంచివాడండీ. వయసు మీదపడింది, ఏం చేస్తాం? నేను ఫైళ్ళ మనిషిని. బేరింగుల సంగతి నాకేం తెలుస్తుంది?"

"మాస్టు ప్లేటు ఊడిపోయిందని మీరే చెప్పారట?"

"ఎవరో అంటుంటే విన్నాను. వినడం కూడా తప్పేనా అమ్మా?" అని నవ్వాడు.

కొలతలమ్మ నవ్వలేదు. ఎర్ర బండి మాస్టు పక్కన చతికిలబడి, ప్లేటు ఉండాల్సిన చోటున్న రెండు రివెట్ల కన్నాల్లోకి టార్చి కొట్టి, గుమాస్తాని కూడా చూడమంది. కన్నాల లోపల ఇనుము తళతళమంటోంది. "శుభ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడతను. "అవును, మరీ శుభ్రంగా ఉన్నాయి" అందావిడ. తరవాత పసుపు బండి దగ్గరికి వెళ్ళింది. దాని మాస్టుకీ ప్లేటు లేదు. రెండు బండ్లకీ కొత్తగా రంగేసినట్టుంది.

స్టోరు చూసే ఆవిడ గదిలో కేటలాగు తిరగేస్తూ, సెలవు రోజుల మాటెత్తింది కొలతలమ్మ. స్టోరావిడ అగ్గిమీద గుగ్గిలమైంది.

"ఆ రోజుల సంగతి నాకు గుర్తుచేయకండి! స్టాకు లెక్కింపని నాలుగు రోజులు గోడౌన్ మూసేశారు. నన్ను కూడా రావద్దన్నారు. స్టాకు నాది, తాళాలు నావి, లెక్కింపు నేను లేకుండానా? తిరిగొచ్చి చూస్తే ఒక్క పెట్టె మీద కూడా లెక్క గుర్తు లేదు."

"పసుపు బండికి తనిఖీ ఎప్పుడైంది?"

"రెండుసార్లయింది. గోడౌన్ మూసేయకముందు మాస్టు అరిగిందని ఫెయిల్ చేశారు. తెరిచిన తరవాతి వారమే రెండోసారి చూస్తే పాసైంది. ఎర్ర బండి మాత్రం ఏడాది మొదట్లోనే పాసై కూర్చుంది."

కొలతలమ్మ ఆ కేటలాగు అడిగి తీసుకుంది. ఆఫీసుకి వచ్చాక ఎనిమిది పాత బేరింగుల్నీ కిరసనాయిలుతో కడిగించి, ఒక్కొక్కదాన్నీ నాలుగు వైపులా కొలిచింది. గుమాస్తా అంకెలు రాస్తూ పోయాడు. ఆరోదాని దగ్గర అతని వేళ్ళు పీక్కుపోతున్నాయి. ఆవిడ మాత్రం చివరిదాన్నీ మొదటిదానంత శ్రద్ధగానే కొలిచి, "రేపు ఒక గరిట, గరుకు కాగితం మర్చిపోకండి" అంది.

"గరిటెందుకమ్మా?"

"రంగు గీకడానికి."

మర్నాడు పదకొండింటికి ఆఫీసు గదిలో జరగాల్సిన విచారణని కొలతలమ్మ పట్టుబట్టి ఎర్ర బండి ముందు పెట్టించింది. యజమాని, మేనేజరు, స్టోరావిడ, పెద్దమేస్త్రి వచ్చారు. మొగుడి తరఫున చెల్లెలు వచ్చి, అన్నకి దూరంగా, పసుపు బండి పక్కన నిలబడింది.

"పెద్దమేస్త్రి తెప్పించిన బేరింగులు ఎర్ర బండికి సరైనవే. అందులో వెంట్రుకవాసి తేడా లేదు" అని మొదలుపెట్టింది కొలతలమ్మ.

"మరింకేం, బిగించడంలో తప్పు చేశాడన్నమాట" అన్నాడు మేనేజరు.

"బిగించడం కూడా సరిగానే ఉంది. అయితే ఈ మాస్టు ఎర్ర బండిది కాదు."

పెద్దమేస్త్రి చప్పున మాస్టు వైపు తిరిగాడు. ఆవిడ దండలోంచి ఒక పాత బేరింగు తీసి యజమాని చేతిలో పెట్టింది.

"ఇది కమ్మీ మీద దొర్లుతుంది కాబట్టి దీని బయటి చుట్టు అరుగుతుంది. అడ్డంగా కొలిస్తే నూటఏడుకి దగ్గర వస్తోంది. అది కొత్తలో నూటఏడే కావచ్చు, ఇంకా పెద్దదీ కావచ్చు. లోపలి రింగు వెడల్పు అలా కాదు, దాన్ని రాసుకునేది ఏదీ లేదు, కాబట్టి అది అరగదు. ఎనిమిదింటికీ వెడల్పు ముప్ఫై ఒకటి. ఎర్ర బండి బేరింగు వెడల్పు ముప్ఫై. ఆ ఒక మిల్లీమీటరు ఖాళీ పూడ్చడానికే పెద్దమేస్త్రి వాషరు వేయాల్సి వచ్చింది. కేటలాగులో ముప్ఫై ఒకటి వెడల్పుది ఒకటే ఉంది. దాని అడ్డకొలత నూటఎనిమిది. అది పసుపు బండి మాస్టుది."

"అంటే ఇవి నూటఎనిమిదివి, అరిగి నూటఏడైపోయాయి!" గుమాస్తా ఆపుకోలేక అరిచేశాడు. అందరూ తనవైపు చూసేసరికి దగ్గు వచ్చినట్టు నటించాడు.

"అంతే. పెద్ద కమ్మీలో చిన్న బేరింగు వదులుగా ఊగింది. బరువు ఎత్తుకి వెళ్ళాక మాస్టు వాలి బిగుసుకుంది, తరవాత జారింది. ఇక మాస్టు ఎలా మారిందంటారా? డ్రైవరుగారి బండికి జానెడు ఎత్తు ఉత్తినే పెరగలేదు. ప్లేటు దానంతటది ఊడితే కన్నాల్లో తుప్పు పడుతుంది, వీటిని ఈమధ్యే డ్రిల్లుతో తొలిచారు. స్టోరావిణ్ణి కూడా రానివ్వని నాలుగు రోజుల లెక్కింపులో పెట్టెలు లెక్కపెట్టలేదు, మాస్టులు మార్చారు. తనిఖీలో ఫెయిలైన మాస్టుని, తనిఖీ బాధ లేని బండికి తగిలించారు."

"కట్టుకథ! ఒక్క రుజువు చూపించండి" అన్నాడు మేనేజరు. చొక్కా ఇంకా నలగలేదు గానీ కాలరు చెమటకి తడిసింది.

కొలతలమ్మ చెయ్యి చాపింది. గుమాస్తా గరిట అందించాడు. మాస్టు అడుగున అడ్డదూలం మీద ఎర్ర రంగు గీకుతూ పోయింది. ఎర్ర రంగు కింద పసుపు రంగు తేలింది. గరుకు కాగితంతో రుద్దితే ఇనుములో సుత్తితో కొట్టిన అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"ఫైళ్ళ మనిషి కదా, ప్లేటు పీకేస్తే చాలనుకున్నారు. నంబరు ఇనుములో కూడా కొడతారని తెలియలేదు. స్టోరమ్మా, కాస్త చదవండి."

స్టోరావిడ వంగి చదివి, కేటలాగులో వేలు పెట్టి చూసింది. "పసుపు బండిదే" అంది. ఆ మాట అంటూనే మేనేజరు వైపు చూసిన చూపుకి అతను నీళ్ళు నమిలాడు.

"కొత్త మాస్టు రావడానికి మూడు నెలలన్నారు సార్... అన్నాళ్ళు బండి ఆపితే పని నడవదు... అందుకే బయటివాళ్ళ చేత మార్పించాను... ఇలా అవుతుందని కలలో కూడా..."

"అవుతుందని అనుకోలేదు, సరే. అయ్యాక పదకొండు రోజులు నోరెందుకు మెదపలేదు?" అంది కొలతలమ్మ. గొంతు పెంచలేదు. "ఒక మనిషి తన చేతుల్ని తనే అనుమానించుకుంటూ నీ కళ్ళముందు తిరుగుతుంటే, ఆయన కన్ను మీదికి నెట్టి కాగితం రాశావు."

యజమాని మేనేజర్ని గదిలోకి నడవమన్నాడు. పోలీసులు వచ్చేదాకా ఫోను ముట్టుకోవద్దన్నాడు.

గుమాస్తా సంబరం పట్టలేక పెద్దమేస్త్రి వైపు తిరిగాడు. ఆయన మొహంలో సంబరం లేదు.

"అమ్మా, వాషరు పట్టినప్పుడు నేను ఆగాల్సింది కదా? ఒకటీ రెండూ కాదు, ఎనిమిదింటికీ పట్టింది."

గుమాస్తా బతిమాలుతున్నట్టు చూశాడు కొలతలమ్మ వైపు, ఒక్క ఊరట మాట అనండి అని.

"ఆగాల్సింది. ఆ ఒక్క తప్పూ మీదే. మిగతాది మీది కాదు" అందావిడ.

పెద్దమేస్త్రి తల ఊపాడు. చెల్లెలి దాకా నడిచి వెళ్ళి, అయిదడుగుల దూరంలో ఆగాడు. "విన్నావు కదమ్మా. ఆగాల్సింది, ఆగలేదు. ఇకమీదట బావ ఎక్కే బండి మీద చెయ్యి వేయనులే" అన్నాడు.

చెల్లెలు కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది.

"ఇప్పుడు సరైనవేవో తెలిసిందా నీకు?"

"తెలిసింది."

"అయితే నువ్వే వెయ్యాలి. కాలు బాగయ్యాక ఆయన మళ్ళీ ఆ బండే ఎక్కుతానంటాడు, నాకు తెలుసు. ఇంకెవరు బిగించినా నేను ఎక్కనివ్వను అన్నయ్యా."

పెద్దమేస్త్రి స్టోరావిడ వైపు తిరిగి చెయ్యి చాపితే ఆవిడ ఆర్డరు పుస్తకం అందించింది. ఆయన బండి చక్రం మీద పుస్తకం ఆనించి, ఈ అరిగిన మాస్టు స్థానంలో కొత్తదీ, దాని బేరింగులూ కావాలని రాసి, ఇనుములో నంబరు చూసి ఒక్కో అంకె దించాడు. రాసి చెల్లెలి చేతికిచ్చాడు. ఆవిడ ఇనుము పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి సరిచూసి, "సరిగ్గా ఉంది" అంది.