వెలంపేట రేకు గిటారు

వెలంపేటలో ఆ పెంకుటింటి ముందు నుంచి దీపాలు పెట్టాక ఎవరూ నడిచేవారు కాదు. చుట్టూ తిరిగి వెళ్లేవారు. శ్రీరామ్మూర్తి పోయినా ఇల్లు వదల్లేదనీ, అర్ధరాత్రి లోపల రేకు నొక్కిన చప్పుడు — ‘టప్’ మని ఒక్కసారే — వినిపిస్తుందనీ చెప్పుకునేవారు.

నేను వినలేదు. అప్పట్లో మా వెనకవాటాలో అద్దెకున్న నీలకంఠం చెప్పిన మాట ఇది. ఊరు వదిలి ఇంత దూరాన మా పిల్లలకు చెప్పేటప్పుడు కూడా, అతను చెప్పినదానికి ఒక్క ముక్క కలపను.

1980 నాటి సంగతి.

శ్రీరామ్మూర్తి పోర్టులో ఫిట్టరు. ఎప్పుడో ఒక విదేశీ ఓడ నావికుడి దగ్గర గిటారు కొన్నాడు. చెక్క కాదు, ఒళ్లంతా లోహమే. పొట్టలో పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. తీగ మీటితే ఆ గిన్నె మోగుతుంది. అందరూ రేకు గిటారు అనేవారు. నీలకంఠం ఆయనకు ఒక్కడే శిష్యుడు.

చివరి రెండేళ్లూ ఆయన దాన్ని ముట్టలేదు. “నా వేళ్లు సచ్చిపోయినాయిరా,” అని చెయ్యి తిప్పి తిప్పి చూసుకునేవాడట. పోయేముందు నలుగురి ఎదుటా గిటారును నీలకంఠానికి ఇచ్చాడు.

నీలకంఠం ఫిషింగ్ హార్బర్‌లో ఐసు కొట్టేవాడు. చలికి వేళ్లు కొయ్యబారుతున్నాయి. ఆర్కెస్ట్రా నడిపే దొరబాబు ఒక మాట ఇచ్చాడు — ఉగాది ప్రోగ్రాంకి గిటారు మోగిస్తే నెలజీతం మీద తీసుకుంటానని. ఇంకో ఏడాది ఐసులో ఉంటే ఆ వేళ్లు మరి దేనికీ పనికిరావు.

అయితే గురువుగారి భార్య గౌరీశ్వరమ్మ ఒప్పుకోలేదు.

“సంవత్సరీకం అయ్యీవరకు పోయినోరి వస్తువు గడప దాటకూడదు, నాయనా. ఇక్కడే బాగుసేసుకో.”

సరేనన్నాడు. రోజూ సాయంత్రం పని దిగి నేరుగా అక్కడికే వెళ్లేవాడు. ఆవిడ కాఫీ ఇచ్చేది. తుప్పు గీకాడు. వంగిన మెడ సరిచేశాడు. మూత విప్పితే లోపలి గిన్నెకు గుండ్రంగా ఒక సొట్ట ఉంది. గిన్నెను ఇసకమూట మీద బోర్లించి, చెంచా వీపుతో నాలుగు రోజులు మెల్లగా రుద్ది సొట్ట తీశాడు. తీగలు బిగించి ఒక్కసారి మీటాడు...

వీధి చివర రిక్షావాడు కూడా వెనక్కి తిరిగి చూశాడట.

మర్నాడు మీటితే — చప్పుడు లేదు. కర్ర మీద కొట్టినట్టు.

విప్పాడు. మళ్లీ అదే చోట సొట్ట. బొటనవేలంత. మూత స్క్రూలు కదల్లేదు. మూతకున్న చిల్లుల్లో బొటనవేలు పట్టదు!

తీశాడు. మళ్లీ పడింది. అయిదుసార్లు.

“ఏమోయ్, నీ గిటారు మూగనోము పట్టిందా?” అన్నాడు దొరబాబు. “పది రోజులే ఉంది. బుల్‌బుల్ వాయించేవాడు ఒకడు తిరుగుతున్నాడు, తర్వాత నన్ననకు.”

పక్కింటి నూకాలు గొంతు తగ్గించి చెప్పింది. “నీ గురువేరా. బతికున్నప్పుడు ఇచ్చీసినాడు గానీ, సచ్చినాక మనసొప్పలేదు.”

నీలకంఠం నమ్మాడు. ఆ సాయంత్రం గురువు ఫోటో ముందు నిలబడ్డాడు. “పదకొండేళ్లు నీ కాళ్ల దగ్గిర కూకున్నాను. నాకా ఈ ద్రోహం?” అని ఫోటోను గోడవైపు తిప్పేశాడు.

సంవత్సరీకం అయిపోయింది. తెల్లారితే ఉగాది. ఆ రాత్రి గిన్నె సరిచేసి, గిటారు పొద్దున పట్టుకెళ్తానని చెప్పి, పెరటి దారిన తిరిగొచ్చి బియ్యం డ్రమ్ము వెనక కూర్చున్నాడు. ఆ ముసలాయన కళ్లలోకి చూసి ఒక్క మాట అడగాలని.

పన్నెండు దాటింది. అడుగులు... మెత్తగా. తెల్లటి గుడ్డ కదిలింది. గిటారు దగ్గర ఆగింది...

టప్.

అగ్గిపుల్ల గీశాడు.

గౌరీశ్వరమ్మ! చేతిలో గరిటె. దాని కాడ గిటారు చిల్లులో దిగి ఉంది.

“అమ్మా... నువ్వా?”

“గట్టిగా మాటాడకు.”

“రేపే కదమ్మా... నా బతుకు దానిమీదే ఉందని తెలుసు నీకు. కాఫీ ఇస్తా, ఇలా సేసినావా?”

ఆవిడ తల దించుకుంది.

“ముప్ఫయ్యేళ్లు ఆయన దాంతోనే మాటాడినారు. నాతో ఏటి? కూరలో ఉప్పు తక్కువైందని... అంతే. ఒకనాడు ఉక్రోషం వొచ్చి కాడతో నొక్కీసినాను. మూగదైపోయింది. ఆయన దాని పొట్ట ఎప్పుడూ విప్పలేదు... తన వేళ్లే సచ్చిపోయినాయనుకున్నారు. మరి ఆ రెండేళ్లూ నాతో మాటాడినారు, నాయనా. రోజంతా.”

పుల్ల వేలు కాల్చి ఆరిపోయింది. నీలకంఠానికి నొప్పి తెలియలేదు. ఆ బెంగతోనే కదా ఆయన మంచం పట్టింది... ఆయన్నా తను తిట్టింది?

“సెప్పలేదా ఆయనకి?”

“లేదు.”

“ఇప్పుడాయన లేరు కదమ్మా! ఇంకా ఎందుకు నొక్కడం?”

చీకట్లో ఆవిడ అరచెయ్యి అతని నోరు మూసింది.

“ఇది మోగిందంటే... తప్పు తన వేళ్లది కాదని ఆయనకి తెలిసిపోద్ది,” అంది చెవిలో. “మరి నాతో మాటాడరు.”

పడకగదిలో నులకమంచం కిర్రుమంది.

“గౌరీ...” అన్నారు ఎవరో, చాలా నెమ్మదిగా. “మాట మజ్జిలో ఎల్లిపోయినావేటే?”