తాళం వేసిన రాక్

సోమవారం ఉదయం 8:40. రక్తపరీక్షల ల్యాబ్‌లో, యజమానురాలైన డాక్టరమ్మ చూస్తుండగా సర్వర్ కంప్యూటర్ పెట్టే కొత్త ఇనుప రాక్ తలుపు తెరిచారు.

లోపల సర్వర్ లేదు. తాళం మీద గీత కూడా పడలేదు.

9:20కి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పదకొండున్నరకి కూడా మొదలుపెట్టిన చోటే ఉన్నాడు.

వరండాలో రోగులు రిపోర్టుల కోసం నిలబడ్డారు; సర్వర్ లేనిదే అవి రావు. డాక్టరమ్మ ఒకటే మాట పట్టుకుంది. పన్నెండులోగా సర్వర్ దొరకాలి, లేదంటే నెట్‌వర్క్ టెక్నీషియన్‌ని అరెస్టు చేయాలి.

మేనేజర్ వాంగ్మూలం సూటిగా ఉంది. శనివారం సాయంత్రం 6:15కి తనే సర్వర్‌ని రాక్‌లో బిగించాడు. తలుపులకు తాళం వేశాడు. సోమవారం ఎనిమిదింటికి, డాక్టరమ్మ చెప్పగా, తాళంచెవులు టెక్నీషియన్‌కి ఇచ్చాడు. ఆ నలభై నిమిషాలూ గదిలో టెక్నీషియన్ ఒక్కతే.

ఆ టెక్నీషియన్ అతని అన్న కూతురు. శనివారం ఆమెకు సెలవు.

రాక్ ఎంచింది ఎవరని ఇన్‌స్పెక్టర్ మూడోసారి అడిగాడు. మూడోసారీ మేనేజర్‌ది అదే జవాబు.

"నేనే సార్. పన్నెండు యూనిట్ల ఎత్తు. సర్వర్ రెండు యూనిట్లే. ఇంకా బోలెడు చోటు."

స్టాఫ్ అతన్ని చాటుగా సర్వజ్ఞుడంటారు.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగాడు.

"నువ్వు తీశావా?"

"లేదు సార్."

"మరెవరు?"

ఆమె రాక్ వైపు చూసింది. తర్వాత నేల వైపు.

"నోటికి కూడా తాళం వేసుకున్నావా తల్లీ?"

ఒళ్లు మండి ఇన్‌స్పెక్టర్ కాలికి అడ్డొచ్చిన ఖాళీ అట్టపెట్టెను ఒక్క తన్ను తన్నాడు. అది బోర్లాపడింది. అడుగున సర్వర్ కొలతల లేబుల్.

వంగి చదివాడు. కొలిచే టేపు తెప్పించి రాక్ లోపల కొలిచాడు.

"మేనేజర్‌గారూ, తలుపు గట్టిగా నెట్టాల్సొచ్చిందా?"

"లేదు సార్. శుభ్రంగా మూసుకుంది."

"సర్వర్ పొడవు 72 సెంటీమీటర్లు. రాక్ లోపలి లోతు 60. ఎలా మూసుకుందండీ?"

మేనేజర్ నుదురు తుడుచుకున్నాడు. ఇంతసేపూ అందరూ ఎత్తే చూశారు. లోతు ఎవరూ చూడలేదు.

సర్వర్ స్టోర్‌రూమ్‌లో, విరిగిన కుర్చీల వెనక, పాత కర్టెన్‌లో చుట్టి దొరికింది. సాయంత్రానికి గుట్టుగా వేరే రాక్ తెప్పిద్దామనుకున్నాడట. డాక్టరమ్మ పొద్దున్నే తలుపు తెరిపించేసరికి, తను పెట్టి తాళం వేశానని నోరు జారాడట. పోలీసులొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకునే ధైర్యం చాల్లేదట.

"నీకు తెలుసా?" ఇన్‌స్పెక్టర్ అమ్మాయిని అడిగాడు.

"తలుపు తియ్యగానే తెలిసింది సార్. కొనకముందే బాబాయికి చీటీ రాసిచ్చాను. లోతు తొంభై ఉండాలి, వెనక వైర్లు వంగాలి, గాలి ఆడాలి అని."

"మరి రెండు గంటల్నించీ నన్నెందుకు తిప్పావు?"

"బాబాయే చెప్తాడనుకున్నాను సార్. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చూస్తూ కూచున్నా."

మేనేజర్ తల ఎత్తలేదు.

ఆమె తాళంచెవులు అతని జేబులో వేసి, సర్వర్ ఒక చివర పట్టుకుంది.

"ఆ చివర పట్టు బాబాయ్. బయట జనం ఉన్నారు. ఇవాళ్టికి బల్ల మీద పెడదాం."