చీటీ చిరిగిన పెట్టె

“సాక్షి సాయంత్రం దాకా బతికుండాలి. అంతే నీ పని,” అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన ఫైలు పక్కకు నెట్టి.

సాక్షి ఒక ఓడ వంటమనిషి. విదేశీ ముఠా నాయకుడి మొహం కళ్ళారా చూసి, ఇంకా ఊపిరితో ఉన్నవాడు లోకంలో అతనొక్కడే. గుండెపోటు వచ్చి ఆసుపత్రి నాలుగో అంతస్తులో పడుకున్నాడు. సాయంత్రం మేజిస్ట్రేటు వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడు.

“అతనికి మందెక్కించే పంపు సంగతి?” అడిగాడు పెద్దాయన.

“ఫార్మసీ కంప్యూటర్ని దానితో కలిపే వంతెన ప్రోగ్రాం నేనే రాశాను సార్. చీమ కూడా దూరదు.”

ఏజెంట్ పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ పలకరు. తాళంచెవి అంటారు. తుపాకీకన్నా కీబోర్డు మీద వేళ్ళు చురుకు. నోరు అంతకన్నా చురుకు, వచ్చిన చిక్కంతా అక్కడే.

మధ్యాహ్నానికి అతను లిఫ్ట్ మెకానిక్ వేషంలో నాలుగో అంతస్తు వరండాలో ఉన్నాడు. టూల్ బాక్స్‌లో పిస్టల్, చొక్కా గుండీలో కెమెరా. అనుమానించదగ్గ మనిషి ఒక్కడూ కనబడలేదు. హాయిగా ఈల వేసుకుంటుంటే, చేతిలో పూలగుత్తితో, ఆకుపచ్చ కోటులో ఒకామె వచ్చి పక్కన నిలబడింది. ఆమెను చూడగానే ఈల ఆగిపోయింది.

“లిఫ్ట్ పైకి వెళ్తుందా?” అంది.

అది డిపార్ట్‌మెంట్ కోడ్ మాట. ఆమె నోట రాకూడని మాట. ఆమె ముఠా మనిషి, మారుపేరు నెమలి. రహస్యాలు లాగుదామని కిందటి నెల హోటల్ మేడ మీద ఆమెతో భోజనం చేసింది తనే.

“బరువును బట్టి,” అని జవాబు కోడ్ చెప్పాడు.

“నేను ఎవరి మనిషినో మీ పెద్దాయన్ని తర్వాత అడుగు. విషం లేదు, తుపాకీ లేదు. చంపబోయేది నీ వంతెన.”

“అసాధ్యం.”

“ఆ రోజు నువ్వే చెప్పావుగా. ఫార్మసీ ప్రోగ్రాం ఒక కంప్యూటర్ భాషలో ఉంది, పంపు ప్రోగ్రాం ఇంకో భాషలో ఉంది అని. ఫార్మసీ భాషలో మోతాదు ఒక పెట్టె. లోపల అంకె, పైన చీటీ. మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా అన్నది చీటీయే చెప్తుంది. దాన్ని జెనెరిక్ టైప్ అంటారని కూడా నేర్పావు. వంతెన దాటేటప్పుడు చీటీ రాలిపోతుంది, పెట్టె ఒక్కటే అవతలికి చేరుతుంది. అవునా?”

“పంపుకు ఎప్పుడూ మిల్లీగ్రాములే పంపుతారు. అందుకే...”

“అందుకే ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్ హెచ్చరిస్తే దాని నోరు నొక్కేశావు. హెచ్చరికలు పసిపిల్లల కోసం అన్నావు, కాలు మీద కాలేసుకుని. పక్క టేబుల్ దగ్గర ముఠావాడు వింటున్నాడు. నేను ఆపలేకపోయాను. ఈ పూట ఫార్మసీలో వాళ్ళ మనిషి మోతాదును మైక్రోగ్రాముల్లోకి మార్చాడు. నాలుగు వందలు.”

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు పెద్దలు. తాళంచెవికి తల కొట్టేసినట్టయింది. మోతాదులో దొంగతనం లేదు. నాలుగు వందల మైక్రోగ్రాములు సరైన మందే. కానీ చీటీ చూడని పంపు దాన్ని నాలుగు వందల మిల్లీగ్రాములనుకుంటుంది. వెయ్యి రెట్లు. హద్దు దాటితే ఆపే లెక్క కూడా ఆ చీటీతోనే పోయింది. సిరంజి మొత్తం ఒక్క తోపుతో ఖాళీ అవుతుంది.

వార్డులోకి పరిగెత్తాడు. డాక్టరమ్మ వేలు అప్పటికే పంపు మీటకు దగ్గరగా ఉంది.

“ఆపండమ్మా!”

“ఎవరయ్యా నువ్వు? లిఫ్ట్ బయట ఉంది.”

“మోతాదు తప్పు.”

ఆమె ఫార్మసీ తెర కేసి చూసింది. “నాలుగు వందల మైక్రోగ్రాములు. నేను రాసిన సున్నా పాయింట్ నాలుగు మిల్లీగ్రాములంటే అంతే. ఆలస్యమైతే ఇతని గుండె ఆగుతుంది. పైగా ఈ వంతెనకు డిపార్ట్‌మెంట్ నిపుణుడి పూచీ ఉంది, సంతకంతో సహా. బయటికి నడు.”

పిస్టల్ తీస్తే ఒక్క క్షణంలో తేలిపోయేది. పరువూ నిలబడేది. కానీ తుపాకీకి భయపడి ఆపిన చెయ్యి, అతను పక్కకు తిరగ్గానే మళ్ళీ మీట నొక్కుతుంది. మంచం మీద వంటమనిషి బిక్కచూపులు చూస్తున్నాడు. గుమ్మంలో నర్సులు, కాపలా పోలీసులు. వాళ్ళందరి ముందూ నోరు విప్పాలంటే ప్రాణం చచ్చిపోయింది.

“ఆ సంతకం నాదేనమ్మా,” అన్నాడు. గొంతు తనకే వినబడలేదు. మళ్ళీ చెప్పాడు. “ఆ నిపుణుణ్ణి నేనే. తప్పుందని కంపైలర్ చెప్పింది. నాకే తెలుసని దాని నోరు మూయించాను. మీ అంకె సరైనదే, పంపు దాన్ని వెయ్యి రెట్లు చేస్తుంది. నా పూచీ నమ్మకండి. మీ చేత్తో ఇవ్వండి.”

డాక్టరమ్మ అతని మొహంలోకి చూసింది. ఇంత సిగ్గుపడుతూ అబద్ధమాడే మనిషి ఆమెకు ఎప్పుడూ తగల్లేదు కాబోలు. వేలు వెనక్కి తీసుకుని, ట్యూబు పీకి, మామూలు సిరంజి అందుకుంది.

సాయంత్రం వంటమనిషి వాంగ్మూలం ఇచ్చాడు. ఫార్మసీలో ముఠావాడు దొరికాడు, చీకటి పడకముందే నాయకుడూ దొరికాడు.

“ఆమె మన మనిషే. నీ గొప్పలన్నీ అప్పుడే రాసి పంపింది,” అన్నాడు పెద్దాయన. “నాకు ముక్క అర్థం కాలేదు. నీ మీద నమ్మకం కొద్దీ అడగలేదు.”

తిట్టినా బాగుండేది. తాళంచెవి తల ఎత్తలేదు.

“పైవాళ్ళు పతకం ప్రకటించారు.”

“ఆమెకివ్వండి సార్.”

“ఆమె ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు. నీకే ఇవ్వాలి. ఏడాది పాటు ఆఫీసులో కోటుకి పెట్టుకు తిరగాలి, రూలు.”

మర్నాటి నుంచి ఎదురొచ్చిన ప్రతివాడూ చెయ్యి కలిపి అభినందిస్తుంటే, ఆరితేరిన గూఢచారి కనుక, అతను ప్రతిసారీ నవ్వాడు.