అరచెయ్యి చూపించు

కుర్కిసల్మి దగ్గర సరస్సు సన్నబడుతుంది. ఆ చోటికి మంచి పేరు లేదు. నవంబరులో సరస్సంతా గడ్డకట్టినా అక్కడ మాత్రం అడుగున నీళ్ళు పారుతూనే ఉంటాయి. చీకటి పడ్డాక ఎర్ర పడవల పాక దగ్గర నిలబడితే, మంచు కింద నుంచి ఎవరో తడుతున్నట్టు వినిపిస్తుందని మా ఊళ్ళో అంటారు. మంచు బిగుసుకునేటప్పుడు అలాగే చప్పుడవుతుందని నేను వాదించేవాణ్ణి. ఇప్పుడు వాదించడం మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేదంతా నాకు చెప్పింది సానా. నేను నడిపే చిన్న వెబ్ పత్రికకి ఆటల మీద సమీక్షలు రాస్తుంది. దెయ్యాల ఆటలంటే నాకు ఒళ్ళుమంట — తలుపు కిర్రుమంటుంది, పిల్ల ఏడుస్తుంది, అయిపోయింది. అందుకే అవన్నీ ఆమె నెత్తిన పడేస్తాను.

ఆ రోజు పడేసింది మూడు యూరోల ఆట. ఓట్సో అనేవాడు ఒక్కడే కూర్చుని చేశాడు. కాలేజీ రోజుల నుంచీ సానాకి ప్రాణస్నేహితుడు. ఆ శుక్రవారం అమ్మకానికి రావాల్సింది.

"స్నేహితుడి ఆట మీద నేనెలా రాయను?" అంది.

"నీకు మొహమాటం ఎక్కడేడ్చింది? తిట్టి రాయి" అన్నాను.

మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది. సానా కాఫీ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది.

తెర మీద గడ్డకట్టిన సరస్సు... అవతలి ఒడ్డున ఒక దీపం. అడుగు వెయ్యాలంటే పాచిక వెయ్యాలి. ఒకటి పడితే మంచు పగులుతుంది. గొంతులు లేవు, గాలి చప్పుడు తప్ప. మాటలన్నీ తెర కింద తెల్లటి అక్షరాలే.

ఆటలో వెనక్కి తిరిగి చూసింది... ఎర్ర పడవల పాక.

పాక గోడకి మేకుల జత వేలాడుతోంది — మంచులో పడితే గుచ్చి పైకి పాకడానికి మెళ్ళో వేసుకునేవి. ఒక్క జతే. పిల్లలు ఇద్దరు. 'బొమ్మా, బొరుసా? గెలిచినవాళ్ళకి మేకులు. ఓడినవాళ్ళు ముందు నడవాలి.'

సానా నాణెం ఎగరేసింది.

'అరచెయ్యి చూపించు' — అని అక్షరాలు వచ్చాయి.

పదహారేళ్ళ కిందట, అదే పాక దగ్గర, అన్న ఇల్మో నవ్వుతూ అన్న మాట అది. సానాకి అప్పుడు పదకొండు. చేతితొడుగులో పడ్డ నాణేన్ని దొంగచాటుగా చూసింది. ఓడిపోయింది. నాణేన్ని తిప్పేసి, గెలిచానంది. అరచెయ్యి మాత్రం చూపించలేదు. మేకులు తన మెళ్ళో పడ్డాయి... అన్న ముందు నడిచాడు, మంచు విరిగి మునిగిపోయాడు.

ఆ మేకులు కొన్నది వాళ్ళమ్మ సిర్కాగారు. రెండో జత కొనలేదని ఆవిడ ఇప్పటికీ తన్ను తాను తిట్టుకుంటూనే ఉంది. నాణెం సంగతి ఆవిడకి తెలియదు. తెలిసింది ఒక్కడికే — కిందటి వేసవిలో, ఆవిరిస్నానాల గదిలో, ఓట్సోకి. మాలో ఆవిరిగదిలో చెప్పుకున్న మాట గడప దాటదు. తాగుబోతులు కూడా ఆ మర్యాద తప్పరు.

అప్పుడు... హెడ్‌ఫోన్లలో, చెవికి బాగా దగ్గరగా, ఒక కుర్రవాడి గొంతు గుసగుసలాడింది.

"తిప్పడం చూశాను... అయినా నేనే వెళ్తా."

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి సానా ఓట్సోకి ఫోన్ చేసింది.

"దొంగా! ఆవిరిగదిలో చెప్పాన్రా నీకు!"

"పేర్లు మార్చానే... ఎవరికి తెలుస్తుంది?"

"మా అమ్మకి తెలుస్తుంది! నేను ఏ ఆట మీద రాసినా కొని ఆడుతుంది."

"మూడేళ్ళుగా నాకు ఒక్క కథా కుదర్లేదు సానా. ఇది... కుదిరింది."

"మా అన్నని మూడు యూరోలకి అమ్ముకుంటావా? పైగా వాడి గొంతు ఎవడిచేతో పలికించి మరీ!"

"గొంతా? ఏ గొంతు? ఆటలో గొంతులే లేవే... పలికేవాళ్ళకివ్వడానికి నా దగ్గర డబ్బెక్కడిది?"

సానా ఫోన్ పెట్టేసింది. ఒకసారి నమ్మించి గొంతు కోసినవాడు రెండో అబద్ధానికి జంకుతాడా అనుకుంది.

ఆట చెప్పకముందే తనే చెప్పాలని ఆ సాయంత్రమే లాప్‌టాప్ పట్టుకుని తల్లి దగ్గరికి వెళ్ళింది. అంతా చెప్పేసింది. సిర్కాగారు ఏడవలేదు, అరవలేదు.

"పదహారేళ్ళు... నేను నన్ను తిట్టుకుంటుంటే, ఎదురుగా కూర్చుని కాఫీ తాగావు" అంది.

తర్వాత, "ఆ గొంతు వినిపించు" అంది.

ఇద్దరూ ఆడారు. గొంతు రాలేదు. సిర్కాగారు లాప్‌టాప్ ఉంచేసుకుని కూతుర్ని పంపేసింది. ఆ తర్వాత సానాకి తలుపు తియ్యలేదు. రోజూ మూడింటికి, చీకటి పడగానే ఆటకి కూర్చుంటుంది. పాచిక వేస్తుంది. మునుగుతుంది. మళ్ళీ మొదలుపెడుతుంది.

ఓట్సో ఆ ఆటని అమ్మకానికి పెట్టనేలేదు. పోయిన వారం నాకు ఉత్తరం రాశాడు. ఆటంతా విప్పి వెతికాననీ, గాలి చప్పుడు తప్ప ఇంకే శబ్దమూ లేదనీ, ఆ సంగతి ఆవిడకి చెప్పి ఆపమనీ. తను చేసిన ఘనకార్యానికి నన్ను పంపుతున్నాడు! చెబుదామనే వెళ్ళాను. కిటికీలోంచి ఆవిడ మొహం చూశాక తలుపు తట్టకుండానే తిరిగొచ్చేశాను.

నిన్న మూడున్నరకి ఆవిడే ఫోన్ చేసింది.

"వచ్చాడు" అంది.

ఫోన్‌లో గాలి చప్పుడు... దాని వెనక ఏదో తడుతున్నట్టు.

"చలేమీ లేదట" అంది మెల్లగా. "సానాని రమ్మంటున్నాడు. అరచెయ్యి చూపించాలట."