హైమావతి తరఫున చెప్పిన సెలవు

ఆదివారం పొద్దున హైమావతి ఇడ్లీరేకుల్లో పిండి వేస్తుంటే పక్క ఫ్లాటు గుల్జార్ బేగం హడావిడిగా వచ్చింది. ఆమె భర్త తాజ్ మొహమ్మద్ అమీన్‌పూర్ కాలనీ గానబృందంలో తబలా వాయిస్తాడు. హైమావతి అందులోనే పాడుతుంది; ఆమె భర్త బాపిరాజుది హార్మోనియం.

“ఏంది హైమక్కా, పాట బంద్ పెట్టినవంట! నీకు పానం బాగుంటలేదని నిన్న ప్రాక్టీసుల బాపిరాజన్న చెప్పిండంట గదా. ఇయ్యాల సాయంత్రం నీకు శాలువా కప్పుతరంట.”

“నిన్న ప్రాక్టీసే లేదన్నారే మా ఆయన!”

గుల్జార్ నాలుక కరుచుకుని, మెల్లగా జారుకుంది.

పాలప్యాకెట్లతో వచ్చిన బాపిరాజుకి భార్య మొహం చూడగానే సంగతి అర్థమైంది.

“నాతో అబద్ధమాడి, వెళ్ళి నన్ను తీసేసి వచ్చారా?”

“తీసేయడమేంటి హైమా! గౌరవంగా తప్పుకుంటున్నావని చెప్పాను. పైస్థాయిలో నీ గొంతు అందడం లేదని కొత్తవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఆ మాట నీ మొహాన అనేస్తే తట్టుకోలేవని...”

ఆహా, ఏం మర్యాద! పెళ్ళాం నోరు మూసి, ఆ నోటితోనే అందరికీ నమస్కారాలు చెప్పించే మర్యాద.

“నా గొంతు సంగతి నాకు తెలీదనుకున్నారా? దసరా కచేరీలో నాకోసం మీరు ఒక మెట్టు దించి వాయించినప్పుడే తెలిసింది. నా మొగుడు నన్ను కాపాడుకుంటున్నాడని ఎంత మురిసిపోయానో! ఏదో ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇక చాల్లే హైమా’ అంటారని చూశాను. మీరంటే మానేసేదాన్నండీ. కాలనీ అంతటికీ చెప్పారు, నాకు తప్ప!”



సాయంత్రం ఆమె పట్టుచీర కట్టుకుని ఆ సన్మానానికి వెళ్ళింది. “నాకే జబ్బూ లేదు. గొంతు అందడం లేదు, మానేస్తున్నాను. ఎవరిమీదా కోపం లేదు. కచేరీకి పిలవండి, ముందు వరసలో కూర్చుని వింటాను,” అని నవ్వుతూ చెప్పింది. తాజ్ మొహమ్మద్ కళ్ళు తుడుచుకున్నాడు. బాపిరాజు లేచాడు. “జబ్బని అబద్ధం చెప్పింది నేను. ఆమెను అడగను కూడా అడగలేదు,” అన్నాడు అందరి ముందూ.

తిరిగి వస్తుంటే స్కూటరు మీద ఆమె అతని భుజం పట్టుకోలేదు. చెరువు దగ్గరికొచ్చాక అతనే అడిగాడు.

“కోపం పోలేదా హైమా?”

“పోలేదు. కానీ బండి ఆపండి. నా పాట పోయిందండీ... ఏడుపొస్తోంది. మీ దగ్గర కాక ఎవరి దగ్గర ఏడవను?”

అతను బండి ఆపాడు.